ఏనుగు పిలిచింది ఎవరిని?

ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పీటల మీద కూర్చున్న దంపతుల మనసులో పిల్లవాడి ఉద్యోగం ఉంటుంది, అమ్మ మోకాళ్ల నొప్పి ఉంటుంది, బ్యాంకులో తీరని అప్పు ఉంటుంది. పురోహితుడు చేతిలో అక్షతలు పట్టించి సంకల్పం చెప్పిస్తాడు. ఆ సంకల్పం మోకాళ్ల నొప్పి దగ్గర మొదలుకాదు. బ్రహ్మదేవుడి వయసు దగ్గర మొదలవుతుంది.

బ్రహ్మ నూరేళ్లలో మొదటి సగం గడిచింది, ఇది రెండో సగం అంటాడు పురోహితుడు. అందులో శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం, దాని మొదటి పాదం అంటూ దిగి వస్తాడు. ఒక కల్పమంటే 432 కోట్ల సంవత్సరాలు, అది బ్రహ్మకు ఒక పగలు. కలియుగం మొత్తం 4,32,000 ఏళ్లు, అందులో మనం గడిపింది ఐదు వేల పైచిలుకు. కాలం అయ్యాక చోటు. జంబూద్వీపం, భరతవర్షం, మేరువుకు దక్షిణం. తెలుగువారికైతే శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ రెండు నదుల నడుమ ఉన్నామో కూడా చెప్పాలి. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇళ్లలో పురోహితులు ద్వీపం పేరు, వర్షం పేరు మార్చి చెబుతారు గానీ వరస తప్పరు. ఆ తర్వాతే సంవత్సరం, మాసం, తిథి, వారం. చిట్టచివర గోత్రం, పేరు, కోరిక.

చాలామంది ఈ భాగాన్ని వినరు. ఇంకా అసలు పూజ మొదలుకాలేదని అనుకుంటారు. నిజానికి అక్కడ ఒక పెద్ద పని జరిగిపోతోంది. కష్టంలో ఉన్న మనిషి తన కష్టాన్ని చెప్పుకోబోయే ముందు, దాన్ని కోట్ల ఏళ్ల కాలంలో, ఊహకందని చోటులో ఒక బిందువుగా చూస్తున్నాడు. అంత విశాలంలో కూడా ఆ బిందువుకు ఒక చిరునామా ఉంది. ఫలానా గోత్రం, ఫలానా పేరు. చిన్నవాడే, కానీ తప్పిపోయినవాడు కాదు.

ఆపదలో మనిషి ఆదుకునేవాడి కోసం చూస్తాడు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకునే దేవుడు చాలు కదా? మరి కల్పాలను దాటినవాడు, లోకాలను పుట్టించి లయం చేసేవాడు, ఆద్యంతాలు లేనివాడు అంటూ ఆ వర్ణన అంతా ఎందుకు? కడుపు నొప్పితో మెలికలు తిరుగుతున్నవాడికి బ్రహ్మాండం ఎంత ఉంటే ఏమిటి? ఈ ప్రశ్నకు తెలుగువాళ్ల దగ్గర ఒక కథ ఉంది. అది ఒక ఏనుగు కథ.

గజేంద్రమోక్షం భాగవతం అష్టమ స్కంధంలోది. సంస్కృతంలో వ్యాసుడు చెప్పిన కథను 15వ శతాబ్దంలో బమ్మెర పోతన తెలుగు చేశాడు. ఇప్పటి జనగామ జిల్లాలోని బమ్మెర ఆయన ఊరని, సేద్యం చేసుకుని బతికాడని, కావ్యాన్ని రాజులకు ఇవ్వనని రాముడికి అంకితం ఇచ్చాడని తెలుగునాట చెప్పుకుంటారు. ఆయన భాగవతంలో కొన్ని స్కంధాలను ఇతరులు పూరించారు గానీ, గజేంద్రమోక్షం మాత్రం పోతన చేతిదే. చదువురాని ముసలమ్మ నోట కూడా దానిలో రెండు పద్యాలు వినిపించిన కాలం మరీ దూరానిది కాదు. పిల్లలకు బడిలో పాఠంగా వస్తుంది. ఒంట్లో బాగాలేనప్పుడు, అప్పులు మెడకు చుట్టుకున్నప్పుడు పారాయణ చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2020లో వచ్చిన ఒక పెద్ద తెలుగు సినిమాకు పెట్టిన పేరు ఇందులోని ఒక పద్యం మొదటి మాటలే.

కథ అందరికీ తెలిసిందే. పాలసముద్రం నడుమ త్రికూట పర్వతం, ఆ కొండ మీద ఒక సరస్సు. ఎండకు దప్పిగొన్న ఏనుగుల రాజు తన మందతో వచ్చి నీళ్లలోకి దిగాడు. తొండంతో నీళ్లు చిమ్ముకుని, ఆడ ఏనుగులతో, గున్నలతో ఆడుకున్నాడు. అడుగున ఉన్న మొసలి కాలు పట్టుకుంది. వెయ్యేళ్లు పోరాటం సాగిందంటుంది భాగవతం.

అందరికీ తెలిసిన కథలో సాధారణంగా దాటేసే సంగతి ఒకటుంది. రోజులు గడిచేకొద్దీ ఏనుగు బలం తగ్గింది, మొసలి బలం పెరిగింది. కారణం సులువు. నీళ్లు మొసలి ఇల్లు. ఏనుగుకు అక్కడ మేత లేదు, నిద్ర లేదు, కాలు ఆనించుకునే నేల లేదు. దీర్ఘకాలం జబ్బుతో తీసుకున్నవాళ్లకు, కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగినవాళ్లకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. కష్టం తన సొంత నీళ్లలో ఉంటుంది. దానికి అలుపు రాదు. అలుపు వచ్చేది మనకే.

మంద ఊరుకోలేదు. తోటి ఏనుగులు వెనక నుంచి పట్టి లాగాయి, లాగలేకపోయాయి. ఆడ ఏనుగులు ఒడ్డున నిలబడి ఏడ్చాయి. వాటి ప్రేమలో లోపం లేదు. ఆసుపత్రి వరండాలో రాత్రంతా కూర్చునే బంధువుల ప్రేమ లాంటిదే అది. అయితే ఆ ప్రేమ మొసలి పట్టును సడలించలేదు. గజేంద్రుడి ఆలోచన ఇక్కడే మలుపు తిరిగింది. నాలాంటి బలం ఉన్నవాళ్లే నన్ను విడిపించలేకపోయారు, ఇక నాలాంటివాళ్లను ఎంతమందిని పిలిచి ఏం లాభం అనుకున్నాడు. మృత్యువుకు భయపడనివాడు, మృత్యువే భయపడేవాడు ఎవరైనా ఉంటే అతన్ని పిలవాలి.

ఆ పిలుపులో ఎవరి పేరూ లేదు. సంస్కృత భాగవతంలో అష్టమ స్కంధం మూడో అధ్యాయంలో గజేంద్రుడి స్తుతి ఉంది, అధ్యాయం మొత్తం 33 శ్లోకాలు. తెలుగులో పోతన దాన్ని తన పద్యాల్లోకి ఒలికించుకున్నాడు. ఏనుగు విష్ణువా రా అనలేదు, శివా రా అనలేదు. ఈ జగత్తు ఎవరి నుంచి పుట్టిందో, ఎవరిలో నిలిచి ఉందో, చివరకు ఎవరిలో కలిసిపోతుందో అతన్ని పిలిచింది. లోకాలు, వాటిని ఏలేవాళ్లు, వాటిలో బతికేవాళ్లు అందరూ పోయాక మిగిలే చిమ్మచీకటికి కూడా అవతల ఒక్కడై వెలిగేవాడికి మొక్కింది. కాలు మొసలి నోట్లో ఉంది, ఒంట్లో సత్తువ లేదు, అటువంటి వేళ ఏనుగు కోరుకున్నది సానుభూతిని కాదు. తాను కూలిపోతుంటే తనతోపాటు కూలిపోని దాన్ని వెతికింది. ఒడ్డు మీద ఏడుస్తున్నవాళ్లంతా అదే కాలంలో, అదే అడవిలో, అదే దుఃఖంలో ఉన్నారు. పట్టుకుని లేవాలంటే ఈ నీళ్లకు బయట ఉన్న దేన్నో పట్టుకోవాలి. దేవుడి శాశ్వతత్వం ఆపదలో ఉన్నవాడికి వేదాంత చర్చ కాదు. చెయ్యి చాచి అందుకునే ఊడ.

పోతన గొప్పతనం ఇంకో చోట ఉంది. స్తుతి నడుమ ఏనుగుకు సందేహం వచ్చింది. అసలు ఉన్నాడా? పేదల దగ్గర ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కుల్లోనూ ఉంటాడంటారు. మరి ఉన్నాడని అందరూ చెప్పే ఆయన నిజంగా ఉన్నాడా, లేడా? భక్తి కావ్యం నడిబొడ్డున, భక్తుడి నోటి నుంచి, ఈ ప్రశ్నను పోతన ఏ జంకూ లేకుండా అడిగించాడు. ఐదు శతాబ్దాలుగా తెలుగువాళ్లు దాన్ని భక్తి పద్యంగానే చదువుకుంటున్నారు. ఎందుకంటే ఆ ప్రశ్న అడిగిన తర్వాత కూడా ఏనుగు పిలవడం మానలేదు. సందేహం వచ్చినందుకు ప్రార్థన చెల్లకుండా పోలేదు. చేతకాని స్థితి ఎలా ఉందో చెప్పుకుంది. బలం లేదు, ధైర్యం సడలింది, ప్రాణం కదిలిపోతోంది, నీవు తప్ప ఇంకెవరూ తెలియదు, వచ్చి కాపాడు అంది.

ఎవరి పేరూ పెట్టకుండా పిలిచినందువల్ల, తమ తమ రూపాలకు, గుర్తులకు పరిమితమైన దేవతలు కదల్లేదని భాగవతం అంటుంది. అంతటా ఉన్నవాడే కదిలాడు. ఆ కదలడాన్ని పోతన ఎలా చూశాడో చూడాలి. లోకాలన్నీ ముగిశాక కూడా మిగిలేవాడు, వైకుంఠంలో లక్ష్మీదేవితో సరసంగా ఉన్నవాడు, ఏనుగు మొర వినగానే లేచి పరుగెత్తాడు. భార్యకు చెప్పలేదు. శంఖమూ చక్రమూ పట్టుకోలేదు. పరివారాన్ని పిలవలేదు. గరుత్మంతుణ్ణి సిద్ధం చెయ్యమనలేదు. ఆమె పైట కొంగు ఇంకా తన చేతిలోనే ఉందని కూడా గమనించలేదు. వెనకాలే లక్ష్మి, ఆమె వెనక అంతఃపురం, ఆ వెనక గరుడుడు, ఆయుధాలు, నారదుడు, వైకుంఠంలో ఉన్న అందరూ. ఎందుకు పరుగెడుతున్నాడో ఎవరికీ తెలియదు. ఆమె అడుగుదామని దగ్గరకు వెళ్లడం, ఆయన చెప్పడేమోనని మళ్లీ తగ్గడం కూడా పోతన చూసినట్టే రాశాడు.

సంస్కృత మూలంలో ఈ కొంగు లేదు. గరుడుడి మీద, చేత చక్రంతో హరి వస్తాడు. కొంగు పోతన ఇచ్చింది. ఏనుగు తన స్తుతిలో ఎంత ఎత్తుకు ఎత్తిందో, పోతన అంత కిందికి, ఒక ఇంటి గదిలోకి దించాడు. ఆ రెండూ ఒకే దేవుడికి చెందినవని నమ్మడంలోనే ఓదార్పు ఉంది. పైట కొంగు పట్టుకున్నవాడు మాత్రమే అయితే మొసలి ముందు అతని వల్ల ఏమవుతుంది? చీకటికి అవతల వెలిగేవాడు మాత్రమే అయితే ఒక ఏనుగు అరుపు అతనికి ఎందుకు పడుతుంది?

ఈ కథలో ఇంకో చిన్న సంగతి ఉంది. గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే పాండ్యరాజు. అగస్త్యుడి శాపంతో ఏనుగయ్యాడు. రాజ్యం పోయింది, మనిషి రూపం పోయింది, తానెవరో మరచిపోయాడు. మిగిలింది అప్పట్లో నేర్చుకున్న స్తుతి ఒక్కటే. మతిమరుపు ముదిరిన వృద్ధులను చూసుకునేవాళ్లకు ఇది కొత్త కాదు. కన్నపిల్లల పేర్లు జారిపోయాక కూడా చిన్నప్పుడు బట్టీపట్టిన పద్యం, పాడుకున్న పాట నోటికి రావడం ఎన్నో ఇళ్లలో చూసే దృశ్యం. ఆపద వచ్చాక నేర్చుకునే తీరిక ఉండదు. నోటికి వచ్చినదే చేతికి వస్తుంది.

అయితే దేవుడి మహిమ ఎప్పుడూ ఊరటే ఇస్తుందా? భగవద్గీత పదకొండో అధ్యాయం ఇవ్వదంటుంది. అర్జునుడు విశ్వరూపం చూపించమని తానే అడిగాడు. చూశాక వణికిపోయాడు. యోధులంతా ఆ నోళ్లలోకి దూసుకుపోతున్నారు. తనకు దిక్కులు తెలియడం లేదు, నిలకడ లేదు. వెంటనే గుర్తొచ్చింది, ఇన్నాళ్లూ ఇతన్ని కృష్ణా, యాదవా, మిత్రమా అని పేరు పెట్టి పిలిచానే, తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు వేళాకోళం చేశానే అని. మన్నించమన్నాడు. ఇక చాలు, మునుపటి రూపంలోకి రమ్మని బతిమాలాడు. కృష్ణుడు సరేనని మళ్లీ సౌమ్యరూపంతో కనిపించి ధైర్యం చెప్పాడు. చూసినది మరచిపొమ్మని మాత్రం అనలేదు. ఆ తర్వాత పగ్గాలు పట్టుకున్న చెయ్యి పాత స్నేహితుడిదే. ఆ చెయ్యి ఎవరిదో అర్జునుడికి ఇప్పుడు తెలుసు.

తెలుగు రాష్ట్రాల్లో చావు ఇంటి ముందు నుంచి వెళ్లినవారికి ఆ గీత ఏ గొంతులో వినిపిస్తుందో చెప్పనక్కర్లేదు. ఘంటసాల వెంకటేశ్వరరావు 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. చివరి కాలంలో ఆయన పాడిన భగవద్గీత, శ్లోకమూ దాని తాత్పర్యమూ కలిపి, ఆయన వెళ్లిపోయాక తెలుగువారి ప్రతి చావు ఇంటికీ చేరింది. శవయాత్ర వాహనంలో అదే, పదో రోజున అదే. అందువల్ల కొందరు మామూలు రోజుల్లో ఇంట్లో పెట్టుకోవడానికి జంకుతారు కూడా. అది ఆ గీతకు జరిగిన అన్యాయమే, ఎందుకంటే అది బతికి ఉన్నవాడికి, చెయ్యాల్సిన పని ముందున్నవాడికి చెప్పిన మాట. కానీ దుఃఖంలో మునిగిన ఇంట్లో ఆ గొంతు ఎందుకు పెడతారో కూడా అర్థం చేసుకోవచ్చు. ఆత్మకు చావు లేదన్న శ్లోకాన్ని ఎవరూ ఆ వేళ విడమర్చి వినరు. ఇంత ఏడుపులోనూ తొణకని గొంతు ఒకటి గదిలో ఉంది. అది చాలు.

కష్టంలో ఉన్నవాడికి జవాబుగా దేవుడి అనంతత్వాన్ని వినిపించడం భారతానికి కొత్తేమీ కాదు. విష్ణు సహస్రనామం పుట్టింది కూడా అలాంటి చోటే. యుద్ధం ముగిసింది. గెలిచిన ధర్మరాజు అయినవాళ్లందరినీ పోగొట్టుకుని కుమిలిపోతున్నాడు. అంపశయ్య మీద ఉన్న భీష్ముణ్ణి అడిగాడు, ఎవరిని స్తుతిస్తే మనిషికి మేలు జరుగుతుందని. ఒళ్లంతా బాణాలతో, చావు కోసం ఎదురుచూస్తూ, భీష్ముడు వెయ్యి పేర్లు చెప్పాడు. చెప్పినవాడికీ విన్నవాడికీ ఇద్దరికీ గాయాలే. ఇప్పుడు ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో ఎన్నో ఇళ్లలో తెల్లవారుజామున కాఫీ కాగుతుండగా అది వినిపిస్తుంది. దాని వెనక అంత రణరంగం ఉందని తోచదు.

బైబిల్లో యోబు గ్రంథం ఇదే ప్రశ్నను ఇంకా నిర్దాక్షిణ్యంగా అడుగుతుంది. ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు, ఏడు వేల గొర్రెలు, మూడు వేల ఒంటెలు ఉన్నవాడు ఒక్క రోజులో అన్నీ పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత ఒళ్లంతా కురుపులు. ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట లేకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదే. ఎనిమిదో రోజు నుంచి నోరు తెరిచి, నువ్వేదో తప్పు చేసి ఉంటావని వాదించారు. యోబు ఒప్పుకోలేదు. నాకెందుకు ఇలా జరిగిందో దేవుడే వచ్చి చెప్పాలన్నాడు.

38వ అధ్యాయంలో సుడిగాలిలోంచి దేవుడు మాట్లాడాడు. కారణం మాత్రం చెప్పలేదు. భూమికి పునాది వేసినప్పుడు నువ్వెక్కడున్నావని అడిగాడు. సముద్రానికి తలుపులు పెట్టింది ఎవరు, మంచు ఎక్కడి నుంచి వస్తుంది, కృత్తికా నక్షత్రాలను కట్టగలవా అన్నాడు. ఆపై కొండమేకలు ఎప్పుడు ఈనుతాయో, అడవి గాడిదను ఎవరు వదిలిపెట్టారో, నిప్పుకోడి గుడ్లను ఇసుకలో ఎలా వదిలేస్తుందో, డేగ ఎందుకు దక్షిణానికి ఎగురుతుందో చెప్పుకుంటూ పోయాడు. బిడ్డలు పోయినవాడికి కొండమేకల ప్రసవం గురించి చెప్పడం ఏమిటనిపిస్తుంది. మళ్లీ చదివితే ఇంకోటి కనిపిస్తుంది. మనిషి కంట పడని చోట ఒక మేక ఈనడం కూడా చూస్తూ ఉన్న కన్ను ఒకటి ఉంది. అంత పెద్దవాడి లెక్కలో అంత చిన్నది కూడా ఉంది. యోబుకు వివరణ దొరకలేదు, మాట్లాడినవాడు దొరికాడు. అతను శాంతించాడు. ఇక దేవుడికి కోపం వచ్చింది యోబు మీద కాదు, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ ముగ్గురి మీద.

క్రైస్తవ కుటుంబాల్లో సమాధి కార్యక్రమంలో తరచు చదివే 90వ కీర్తన మోషే ప్రార్థనగా ప్రసిద్ధి. పర్వతాలు పుట్టకముందు నుంచీ ఉన్న దేవుడు అందులో ఒక పక్క, డెబ్బై ఏళ్లు, బలముంటే ఎనభై ఏళ్లు బతికే మనిషి ఇంకో పక్క. దాని ఆధారంగా ఐజాక్ వాట్స్ అనే ఇంగ్లండ్ కవి రాసిన పాట 1719లో అచ్చయింది. వాట్స్ తండ్రి తన విశ్వాసం కారణంగా జైలుకు వెళ్లినవాడు. వాట్స్ ఆరోగ్యం కూడా అంతంత మాత్రమే. 1712లో ఒక మిత్రుడి ఇంటికి వారం రోజులని వెళ్లి, చనిపోయేదాకా 36 ఏళ్లు అక్కడే ఉండిపోయాడు. అలాంటివాడు తరతరాలుగా ఆశ్రయమైన దేవుడి గురించి రాశాడు.

1941 ఆగస్టు 10, ఆదివారం. న్యూఫౌండ్‌ల్యాండ్ తీరంలో ప్లసెన్షియా అఖాతం. ‘ప్రిన్స్ ఆఫ్ వేల్స్’ అనే బ్రిటిష్ యుద్ధనౌక మీద బ్రిటన్ ప్రధాని చర్చిల్, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పక్కపక్కన కూర్చున్నారు. రెండు దేశాల నావికులు కలిసిపోయి నిలబడి ఆ పాట పాడారు. సరిగ్గా నాలుగు నెలలకు, డిసెంబర్ 10న, మలయా తీరం దగ్గర జపాన్ విమానాలు ఆ నౌకను ముంచేశాయి. 300 మందికి పైగా పోయారు. ఆగస్టులో డెక్ మీద పాడిన గొంతుల్లో ఎన్నో అందులో ఉన్నాయి. పాట వాళ్లను కాపాడలేదు. అలా కాపాడుతుందని ఆ పాట ఎక్కడా మాటివ్వలేదు కూడా. కాలం మనుషులందరినీ తనతో మోసుకుపోతుందని ఆ పాటలోనే ఉంది. బ్రిటన్‌లో యుద్ధమృతులను స్మరించుకునే నవంబర్ ఆదివారం నాడు ఇప్పటికీ దాన్నే పాడతారు.

హైదరాబాద్ పాతబస్తీలో ఎన్నో ఇళ్ల గుమ్మాల మీద, దుకాణాల గోడల మీద అందమైన అక్షరాల్లో ఒక ఆయత్ ఫ్రేమ్ కట్టి కనిపిస్తుంది. ఖురాన్ రెండో సూరాలో 255వ ఆయత్, ఆయతుల్ కుర్సీ. పిల్లలను పడుకోబెట్టే ముందు తల్లులు చదువుతారు, ప్రయాణానికి బయలుదేరే ముందు పెద్దలు చదువుతారు. అందులో ఉన్నదంతా దేవుడి ప్రభావ వర్ణన. ఆయన ఎప్పటికీ సజీవుడు, ఆయనకు కునుకు రాదు, నిద్ర రాదు, ఆయన పీఠం భూమ్యాకాశాలను కమ్మి ఉంది, వాటిని కాచుకోవడం ఆయనకు భారం కాదు. పడుకోబోయే పిల్లవాడికి ఇంతకన్నా కావలసిందేముంది? నిద్రపోనివాడు ఒకడు మేలుకుని ఉన్నాడు, అమ్మకు కూడా నిద్ర వస్తుంది.

ఈ మధ్యకాలంలో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ విశాలత్వం మనసును ఏం చేస్తుందో పరీక్షించి చూస్తున్నారు. డాకర్ కెల్ట్‌నర్, జొనాథన్ హైట్ 2003లో అబ్బురం అనే భావాన్ని వివరిస్తూ ఒక వ్యాసం రాశారు. మనకన్నా ఎంతో పెద్దది ఎదురవడం, దాన్ని పట్టడానికి మనసు తన కొలతలను మార్చుకోవాల్సి రావడం, ఈ రెండూ ఉంటే అది అబ్బురం అన్నారు. 2015లో పాల్ పిఫ్ బృందం కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో కొందరిని ఎత్తయిన యూకలిప్టస్ చెట్ల కేసి ఒక్క నిమిషం చూడమంది, మరికొందరిని పక్కనున్న భవనం కేసి చూడమంది. తర్వాత ఒక మనిషి కావాలనే పెన్నులు కింద పడేస్తే, చెట్లను చూసినవాళ్లే ఎక్కువ ఏరి ఇచ్చారు. తాను చిన్నవాణ్ణని తోచినప్పుడు మనిషి ముడుచుకుపోవడం లేదు, పక్కవాడి కోసం వంగుతున్నాడు. చెట్టు దేవుడు కాదు, ఆ ప్రయోగం దేవుడి గురించి ఏమీ చెప్పదు. మనసు పనిచేసే తీరు గురించి మాత్రం చెబుతుంది.

ఇంకో పరిశోధన హెచ్చరిక లాంటిది. మత విశ్వాసం కష్టంలో ఎలా పనిచేస్తుందో దశాబ్దాలుగా పరిశీలించిన కెన్నెత్ పార్గమెంట్ తన సహచరులతో కలిసి, ఆసుపత్రిలో చేరిన దాదాపు 600 మంది పెద్ద వయసువారిని రెండేళ్ల తర్వాత మళ్లీ పరిశీలించారు. ఫలితాలు 2001లో వచ్చాయి. దేవుడు నన్ను వదిలేశాడని, శిక్షిస్తున్నాడని కుమిలిన రోగుల్లో మరణించే ముప్పు ఎక్కువగా కనిపించింది. అంటే శక్తిమంతుడైన దేవుడు అనే ఆలోచన రెండువైపులా పదునున్నది. ఆ శక్తి నా మీద కత్తి దూసిందనుకుంటే అది మందు కాదు, విషం. పరామర్శకు వెళ్లి, అంతా దేవుడి లీల, మన చేతిలో ఏముంది అని నోటికొచ్చిన మాట అనేసేవాళ్లు ఇది తెలుసుకోవాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి నోట ఆ మాట వస్తే దాని విలువ వేరు. మంచినీళ్లు తాగి వెళ్లిపోయేవాడు అంటే అది యోబు స్నేహితులు చేసిన పనే.

కుమిలిపోవడానికి బదులు నిలదీయవచ్చని చూపించినవాడు మన కంచర్ల గోపన్న, అంటే భక్త రామదాసు. నేలకొండపల్లివాడు. మేనమామలు అక్కన్న మాదన్నలు గోల్కొండ కొలువులో పెద్దలు కావడంతో పాల్వంచ పరగణాకు తహసీల్దారయ్యాడు. భద్రాచలంలో గుడి కట్టించాడు, సర్కారు సొమ్ముతో కట్టాడని గోల్కొండ సుల్తాను తానీషా చెరలో వేయించాడు. పన్నెండేళ్లు ఉన్నాడని సంప్రదాయం. గోల్కొండ కోటలో ఆ చెరసాల అని చూపించే గదిలో, గోడ మీద చెక్కిన దేవతామూర్తులు ఇప్పటికీ ఉన్నాయి. చూడవచ్చినవాళ్లు అక్కడికి రాగానే గొంతు తగ్గిస్తారు.

ఆ గదిలోంచి వచ్చాయని చెప్పుకునే కీర్తనల్లో గోపన్న రాముడికి లెక్క అప్పజెబుతాడు. సీతమ్మ నగకు ఎన్ని మొహరీలయ్యాయి, లక్ష్మణుడి నగకు ఎన్ని, భరతుడి నగకు ఎన్ని అని. ఇవన్నీ పెట్టుకుని కులుకుతున్నావు, ఇక్కడ దెబ్బలు తింటున్నది నేను అంటాడు. తిట్టేసి, దెబ్బలకు తాళలేక అన్నాను, కోపగించుకోవద్దని మళ్లీ తానే బతిమాలతాడు. బ్రహ్మాండ నాయకుడని నమ్మినవాణ్ణే ఇలా తిడుతున్నాడు. చిన్న దేవుణ్ణి ఎవరూ ఇంతగా తిట్టరు. జవాబు చెప్పగల స్తోమత ఉన్నవాణ్ణే మనిషి నిలదీస్తాడు. గజేంద్రుడు అనుమానపడ్డాడు, యోబు వాదించాడు, రామదాసు తిట్టాడు. ముగ్గురిలో ఎవ్వరూ మాత్రం మొహం తిప్పుకోలేదు.

రామలక్ష్మణులు మారువేషాల్లో వచ్చి తానీషాకు బాకీ చెల్లించి రామదాసును విడిపించారని కథ. చరిత్ర చెప్పేది ఇంకొంచెం ఉంది. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది. రామదాసును చెరలో వేసిన తానీషా అబుల్ హసన్ తన శేషజీవితాన్ని దౌలతాబాద్ కోటలో ఖైదీగా గడిపాడు. అక్కడే కన్నుమూశాడు. కుతుబ్‌షాహీల వంశం అంతటితో ఆగిపోయింది.

భద్రాచలంలో శ్రీరామనవమి నాడు సీతారాముల కల్యాణానికి పాలకుల తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ తానీషా మొదలుపెట్టిందేనంటారు. గోల్కొండ సుల్తాను పోయాడు, నిజాములు వచ్చి వెళ్లారు, ఆపై ఆంధ్రప్రదేశ్, 2014 తర్వాత తెలంగాణ. తెచ్చేవాళ్లు మారుతున్నారు. ఎండ మండిపోతున్న చైత్ర మధ్యాహ్నం, గోదావరి ఒడ్డున కల్యాణ మండపంలో, పూజారి ఆ ముత్యాలను దోసిట్లోకి తీసుకుంటాడు. జనం తోసుకుంటారు. తలంబ్రాల గింజ ఒక్కటి దొరికితే కొంగున ముడేసుకుని ఇంటికి పట్టుకెళ్లాలని, ఏ కష్టం మీదనో వచ్చినవాళ్లు చేతులు చాపుతారు.